మెంబర్‌షిప్ అయిపోయింది, లైబ్రరీ మొత్తానికి తాళం: ఇక ఇవన్నీ పోయినట్టేనా?

#1 బెళ్లందూరు_బ్యాచిలర్ | ఆదివారం రాత్రి 11:42

అందరికీ నమస్తే. సంక్రాంతికి ఒంగోలు వెళ్లి పది రోజులు ఉండి ఇవాళ పొద్దున మడివాలలో బస్సు దిగాను. స్నానం, టిఫిన్, ఒక కునుకు అన్నీ అయ్యాక సాయంత్రం పీఎస్5 (సోనీ వాళ్ల గేమ్స్ ఆడే మిషన్, ప్లేస్టేషన్ 5) ఆన్ చేస్తే గేమ్స్ బొమ్మల మీద చిన్న తాళం గుర్తు. ఒకటో రెండో అయితే ఏదో అనుకుంటాం. కిందికి జరిపేకొద్దీ తాళాలే.

డబ్బు కడితే నెల నెలా కొన్ని గేమ్స్ ఇచ్చే మెంబర్‌షిప్, ప్లేస్టేషన్ ప్లస్, 2018 మార్చి నుంచి కడుతున్నాను. బ్లడ్‌బోర్న్ అనే గేమ్ ఇచ్చిన నెల, అందుకే గుర్తు. తప్పు నాదే. పాత కార్డు గడువు తీరి బ్యాంకు కొత్తది పంపింది, ఇక్కడ మార్చడం మర్చిపోయాను. డబ్బు పడలేదని మెయిల్ కూడా వచ్చింది. ప్రమోషన్స్‌లో, చీరల ఆఫరుకీ విమానం టికెట్ల ఆఫరుకీ మధ్య పడి ఉంది.

అందులో వచ్చిన పర్సోనా 5 అనే గేమ్ 71 గంటలు ఆడాను. ఇంకో ముప్పై గంటలు ఉంటుందేమో. ఇప్పుడు మళ్లీ కడితే ఉన్నచోటు నుంచి మొదలవుతుందా, లేక ఎనిమిదేళ్ల సరుకంతా గంగలో కలిసినట్టేనా? తెలిసినవాళ్లు చెప్పండి, నిద్ర పట్టట్లేదు.

#2 అనంతపురం_ఆటగాడు | 11:58

టెన్షన్ పడకు బ్రో. పోలేదు, తాళం పడింది, అంతే.

నెల నెలా ఇచ్చే గేమ్‌ని ఆ నెలలోనే లైబ్రరీలో చేర్చుకున్నావంటే అది నీ అకౌంట్ పేరు మీద రాసిపెట్టి ఉంటుంది. మెంబర్‌షిప్ ఉన్నన్నాళ్లూ ఆడతావు, ఆగితే ఆగుతుంది, మళ్లీ కడితే మళ్లీ తెరుచుకుంటుంది. 2021లో ఉద్యోగం మారినప్పుడు నేను ఐదు నెలలు కట్టలేదు. తిరిగి కట్టాక పాతవాటిలో ఒక్కటి కూడా తగ్గలేదు. ఆ ఐదు నెలల్లో ఇచ్చినవి మాత్రం నాకు లేవు, ఇక రావు.

కట్టాక కూడా తాళం అలాగే ఉంటే కంగారు పడకుండా సెట్టింగ్స్‌లో యూజర్స్ అండ్ అకౌంట్స్, అందులో అదర్, అందులో రిస్టోర్ లైసెన్సెస్ నొక్కు. డౌన్‌లోడ్ చేసిన గేమ్ డిలీట్ చేయకు, అనవసరంగా 100 జీబీ మళ్లీ దింపుకోవాలి.

#3 సిల్క్‌బోర్డ్_సిగ్నల్ | 12:07

ఎనిమిదేళ్లుగా "ఈ నెల ఫ్రీ గేమ్స్ వచ్చాయి" అని పోస్టులు పెట్టిన బ్యాచ్ అంతా ఎక్కడున్నారు? ఫ్రీ అయితే తాళం ఎందుకు పడుతుంది సామీ? పీజీలో అద్దె కడితే మంచం కూడా ఫ్రీయే. అద్దె ఆపి ఆ మంచం భుజాన వేసుకుని గేటు దాటి చూడు.

#4 బెళ్లందూరు_బ్యాచిలర్ | 12:15

@అనంతపురం_ఆటగాడు థాంక్స్ అన్నా, సగం ప్రాణం వచ్చింది. కానీ నా పర్సోనా 5 నెలవారీ గేమ్ కాదు. పీఎస్5 కొన్నప్పుడు ప్లస్ కలెక్షన్ అని ఇరవై దాకా ఇచ్చారు కదా, అందులోది. ఆ కలెక్షనే ఎత్తేశారు. లేని దుకాణంలో తీసుకున్న సరుకు మళ్లీ ఎవరిస్తారు?

ఇంకో తలనొప్పి. ఒంగోల్లో నా పాత పీఎస్4 తమ్ముడి దగ్గర ఉంది. నా అకౌంటే దాంట్లో ప్రైమరీ, అంటే నా గేమ్స్ వాడూ ఆడుకోవచ్చు. నాది ఆగితే వాడిదీ ఆగింది. సాయంత్రం నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్. వాడు ఇంటర్ సెకండియర్, పరీక్షలు నెత్తిమీద ఉన్నాయి. అమ్మ మాత్రం ఫోన్ లాక్కుని "నాయనా, నువ్వు ఆ డబ్బులు కట్టకు" అంటోంది.

#5 పాతక్యాసెట్ | సోమవారం ఉదయం 7:20

అమ్మగారి మాట వినడం మంచిది. అది పక్కన పెట్టి కలెక్షన్ సంగతి చెప్తాను.

అది 2020 నవంబరులో పీఎస్5తో పాటు మొదలైంది. మన దేశానికి ఆ మిషన్ 2021 ఫిబ్రవరి 2న వచ్చింది కాబట్టి మనవాళ్లు అప్పటి నుంచి తీసుకున్నారు. గాడ్ ఆఫ్ వార్, బ్లడ్‌బోర్న్, పర్సోనా 5, ది లాస్ట్ గార్డియన్ లాంటివి అందులో ఉండేవి. 2023 మే 9న తీసేశారు. తీసేసే ముందే చెప్పారు, ఆ లోపల లైబ్రరీలో చేర్చుకున్నవాళ్లకు మెంబర్‌షిప్ ఉన్నంతకాలం ఉంటాయని. దుకాణం మూసినా నీ పేరున్న చిట్టా వాళ్ల దగ్గర ఉంది బాబూ. అన్నిటికంటే చిన్న ప్లాన్, ఎసెన్షియల్, కట్టినా చాలు.

ఇక్కడ చాలామంది తికమకపడేది ఒకటుంది. మన లైబ్రరీలో కలగలిసి కనిపించేవన్నీ ఒక జాతివి కావు. నెలవారీ గేమ్స్ వేరు. 2022లో ఎసెన్షియల్, ఎక్స్‌ట్రా, మనకైతే డీలక్స్ అని మూడు మెట్లు పెట్టాక పై రెండు మెట్లవాళ్లకి ఆడుకోమని తెరిచిన గేమ్స్ గుట్ట, అంటే క్యాటలాగ్, వేరు. నెలవారీది నువ్వు కడుతున్నంతకాలం నీ దగ్గరే ఉంటుంది. క్యాటలాగ్‌లోది నువ్వు ఠంచనుగా కడుతున్నా వాళ్లు తీసేసిన రోజున పోతుంది. జీటీఏ 5 అలాగే 2023 డిసెంబరులో వచ్చి, 2024 జూన్‌లో పోయి, మళ్లీ నవంబరులో తిరిగొచ్చింది. హొరైజన్ జీరో డాన్ సోనీ సొంత గేమ్, అది కూడా 2024 మేలో క్యాటలాగ్ నుంచి బయటికెళ్లింది. మా అమ్మాయి అప్పుడు దాన్ని ముప్పావు వంతు ఆడి ఉంది. "నాన్నా, మనం డబ్బులు కట్టలేదా?" అని అడిగింది. కట్టాం తల్లీ, అయినా పోయింది అని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

తర్వాత ఇంట్లో గుర్తొచ్చింది. 2021లో, కరోనా రోజుల్లో, ప్లే ఎట్ హోమ్ అని అదే గేమ్‌ని అందరికీ ఊరికే ఇచ్చారు, ప్లస్ ఉన్నా లేకపోయినా. మే 14 లోపల తీసుకున్నవాళ్లకు శాశ్వతంగా. నా పాత అకౌంట్‌లో వెతికితే ఉంది! అదే గేమ్, ఒకచోట అద్దెది, ఒకచోట సొంతది. కాబట్టి తాళం పడినవాళ్లు ముందు ఒకసారి మొత్తం లైబ్రరీ తిరగేయండి, తాళం లేనివి కొన్ని దొరుకుతాయి. మెంబర్‌షిప్ డిస్కౌంటుతో డబ్బులిచ్చి కొన్నవి కూడా మీవే, వాటి జోలికి ఎవరూ రారు.

#6 రెండోప్లేయర్ | 9:05

అందరూ గేమ్ గురించే మాట్లాడుతున్నారు, సేవ్ సంగతి, అంటే ఎంతవరకు ఆడామో దాచిపెట్టే ఫైలు సంగతి, ఎవరూ చెప్పలేదు. నా కథ చెప్తాను, ఇంకొకరికి జరగకూడదు.

మా ఆయనా నేనూ పెళ్లైన కొత్తలో వైట్‌ఫీల్డ్‌లో ఉండేవాళ్లం. ఇద్దరికీ ఇంటి నుంచే పని. సాయంత్రాలు పీఎస్4లో స్టార్‌డ్యూ వ్యాలీ. అది డబ్బులు పెట్టి కొన్న గేమ్, ప్లస్‌లో వచ్చింది కాదు. రెండేళ్లు ఆ తోట పెంచాం. ఆవుకి కామధేనువు అని పేరు పెట్టారు ఈయన. నాలుగు కోళ్లకి నేను మా పెద్దమ్మల పేర్లు పెట్టాను, ఎవరికీ చెప్పకండి. నాకు ఏడో నెల వచ్చాక కూర్చోవడం కష్టమై ఆడటం మానేశాం, ప్లస్ కూడా ఆపేశాం. బాబు పుట్టాడు. ఇల్లు ఎలక్ట్రానిక్ సిటీకి మారుతూ పీఎస్4 అమ్మేద్దాం అనుకుని, "సేవ్ అంతా క్లౌడ్‌లో ఉందిగా" అని నేనే నా చేతులతో మిషన్ రీసెట్ చేశాను. కొన్నాళ్లకి పీఎస్5 కొని ప్లస్ కట్టి క్లౌడ్ తెరిస్తే ఖాళీ.

మెంబర్‌షిప్ ఆగాక క్లౌడ్‌లోని సేవ్ ఆరు నెలలే ఉంచుతారు. మేం తెరిచింది తొమ్మిదో నెలలో. గేమ్ ఉంది, తోట లేదు. కామధేనువు లేదు. మా ఆయన రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, నేనైతే బాత్రూంలో కాసేపు ఏడ్చాను, నవ్వుకుంటే నవ్వుకోండి.

కాబట్టి తమ్ముడూ, మిషన్ లోపల ఉన్న సేవ్ ఎక్కడికీ పోదు, మెంబర్‌షిప్‌తో దానికి పనిలేదు. మిషన్ రీసెట్ చేసినా, అమ్మినా, పాడైనా అప్పుడే ప్రమాదం. పీఎస్4 అయితే సేవ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. పీఎస్5 గేమ్స్ సేవ్ అలా విడిగా తీసుకోనివ్వరు, మొత్తం మిషన్ బ్యాకప్ తీయాలి. పర్సోనా 5 పీఎస్4 గేమే కాబట్టి పీఎస్5 లోంచి కూడా దాని సేవ్ పెన్‌డ్రైవ్‌లోకి వస్తుంది. ఈ రాత్రే చేసి పెట్టుకో.

#7 బెళ్లందూరు_బ్యాచిలర్ | 9:31

అక్కా, ఆఫీసుకి లేటైనా సరే ముందు అదే పని చేశాను. 71 గంటలు అంతా కలిపి కొన్ని ఎంబీలు. పెళ్లిళ్ల ఫొటోలున్న పాత 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఒక మూల పడింది.

#8 సిల్క్‌బోర్డ్_సిగ్నల్ | 10:44

సరే, భావోద్వేగాలు అయ్యాయి కాబట్టి లెక్కలు. 2022లో ఎసెన్షియల్ ఏడాదికి 2,999. 2023 సెప్టెంబరులో అదే 3,949 అయింది. ఆన్‌లైన్‌లో స్నేహితులతో ఆడాలంటే కట్టక తప్పదు, పీఎస్4 వచ్చిన 2013 నుంచీ అంతే. పీఎస్3లో ఆన్‌లైన్ ఉచితంగా ఉండేది, ఈ కాలం పిల్లలకి తెలియదు.

@బెళ్లందూరు_బ్యాచిలర్ ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. ఎనిమిదేళ్లలో చేర్చుకున్నవి ఎన్ని, చివరిదాకా ఆడినవి ఎన్ని?

#9 బెళ్లందూరు_బ్యాచిలర్ | 1:20

లంచ్ బ్రేక్‌లో ఫోన్ యాప్‌లో కూర్చుని లెక్కపెట్టాను. 260 దాటాయి. పూర్తిచేసినవి 14. మొదలుపెట్టి అరగంటలో ఆపేసినవి నలభై దాకా ఉంటాయి. మిగతావి డౌన్‌లోడ్ కూడా చేయలేదు. కొన్నింటి పేరు చూస్తే అసలు ఇది నేనెప్పుడు తీసుకున్నాను అనిపించింది.

చిత్రం ఏమిటంటే, నిన్న రాత్రి ఏడుపొచ్చింది ఆ 14 కోసం కాదు. ఆడనివాటి కోసమే. "ఎప్పుడో ఆడదాం" అనుకున్నవన్నీ ఒక్క రాత్రిలో చేజారినట్టు అనిపించింది. ప్రతి నెలా మొదటి మంగళవారం మీటింగులో ఉండి కూడా ఫోన్ తీసి చేర్చుకునేవాణ్ణి. పీఎస్5 కొనకముందే పీఎస్5 గేమ్స్ చేర్చి పెట్టుకున్నాను. మా అమ్మ స్టీలు సామాన్లు అటక మీద పెట్టినట్టు.

#10 పాతక్యాసెట్ | 1:48

అదే బాబూ అసలు కిటుకు. నెల ఫీజుకి వచ్చే రెండు మూడు గేమ్స్ కాదు నిన్ను పట్టుకున్నది. ఆపేస్తే పోయే 260. ఏటేటా ఆ మూట బరువెక్కుతుంది, బరువెక్కేకొద్దీ ఆపడం కష్టమవుతుంది. నేను రెండుసార్లు ఆపుదామని తీర్మానించి, ఆ లిస్టు ఒకసారి చూసి మళ్లీ కట్టాను. రెండుసార్లూ ఆ తర్వాత ఏడాదిలో ఆ లిస్టులోంచి ఒక్కటీ ఆడలేదు.

నెల్లూరులో మా వీధిలో వీడియో క్యాసెట్ల షాపు ఉండేది. డిపాజిట్ కట్టి మెంబరైతే రోజు అద్దెకి క్యాసెట్ ఇచ్చేవాడు. ఆ షాపు మూసినప్పుడు నేను బాధపడలేదు, ఎందుకంటే ఇంటికి తెచ్చినవన్నీ చూసేశాను. చూడని క్యాసెట్లు ఇంట్లో పేర్చుకోవడానికి వాడు ఒప్పుకునేవాడు కాదు, మర్నాడు పదింటికల్లా మనిషిని పంపేవాడు.

#11 డిస్కే_దైవం | 3:15

ఇంత చర్చ ఎందుకు? మెజెస్టిక్ దిగి నేషనల్ మార్కెట్‌కి వెళ్లండి. సెకండ్ హ్యాండ్ డిస్క్ తీసుకోండి, ఆడండి, బోర్ కొడితే అక్కడే ఇచ్చేసి ఇంకోటి తెచ్చుకోండి. తాళం లేదు, రెన్యువల్ లేదు, కార్డు గోల లేదు. నా దగ్గర 63 డిస్కులు ఉన్నాయి. ఎవడొచ్చి తీసుకెళ్తాడో చూస్తా.

#12 అనంతపురం_ఆటగాడు | 3:40

అన్నా, డిస్క్ మంచిదే. కానీ డిస్క్ ఉంటే అంతా నీదే అనుకోవడం కూడా భ్రమే. ది క్రూ అనే కార్ల గేమ్ 2014లో వచ్చింది. 2024 మార్చి 31న కంపెనీ సర్వర్లు ఆపేసింది. అది ఆన్‌లైన్ లేనిదే నడవదు కాబట్టి డిస్క్ కొన్నవాడికి కూడా మిగిలింది కాఫీ కప్పు కింద పెట్టుకునే బిళ్ల. ఆ మంట మీదే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం మొదలైంది. 2025 జూలైకి యూరప్‌లో వాళ్ల పిటిషన్‌కి పది లక్షల సంతకాలు దాటాయి.

ఇంకోటి, మన బ్యాచిలర్‌ది డిస్క్ పెట్టే మిషన్ అవునో కాదో అడిగావా?

#13 డిస్కే_దైవం | 3:52

ఒక్క ది క్రూ పట్టుకుని 63 డిస్కుల్ని కొట్టిపారేస్తావా? ఏడాదికో నాలుగు వేలు అద్దె కట్టేవాళ్లకి సొంతిల్లు ఉన్నవాణ్ణి చూస్తే కడుపుమంట ఉంటుందిలే.

#14 అనంతపురం_ఆటగాడు | 3:58

సొంతిల్లా! ఆ 63లో ఎన్నింటికి మొదటి రోజే 40 జీబీ అప్‌డేట్ దింపుకున్నావో చెప్పు. రేపు ఆ అప్‌డేట్ ఇచ్చే సర్వర్ లేకపోతే నీ సొంతింటికి పైకప్పు ఉండదు అప్పా.

#15 కాపలాదారు, మోడరేటర్ | 4:10

ఇద్దరూ చెప్పింది చాలు. ఇళ్ల గోల ఆపి గేమ్స్ గురించి రాయండి. రెండు పోస్టులు తీసేశాను, ఎవరివో వాళ్లకి తెలుసు.

#16 డిస్కే_దైవం | 6:30

సరే, గొడవ వద్దు. బ్యాచిలర్ బ్రో, డిస్క్ కొనేముందు రెండు జాగ్రత్తలు. పర్సోనా 5 అడిగితే షాపులో పర్సోనా 5 రాయల్ చేతిలో పెడతారు, అదే దొరుకుతుంది ఎక్కువ. అది వేరే గేమ్ కింద లెక్క. పాత సేవ్ ఉంటే చిన్నచిన్న బహుమతులు ఇస్తుంది తప్ప నీ 71 గంటలు అందులోకి రావు. నేనే ఒకడికి అమ్మి తిట్లు తిన్నాను.

రెండోది, ప్లస్‌లో వచ్చిన గేమ్‌కి డబ్బులిచ్చి డీఎల్‌సీ (గేమ్‌కి అదనంగా అమ్మే భాగాలు) కొన్నవాళ్లు ఉంటారు. మెంబర్‌షిప్ ఆగితే డీఎల్‌సీ నీదే, కానీ అసలు గేమ్‌కి తాళం ఉంటే దాన్ని ఏం చేసుకుంటావు, ఇల్లు లేకుండా కిటికీ కొన్నట్టు. (మోడరేటర్ గారూ, ఇల్లు అన్నందుకు క్షమించాలి.) అప్పుడు డిస్క్ కొంటే ఆ డీఎల్‌సీ పనికొస్తుంది, కానీ డిస్క్ రీజియన్, నీ అకౌంట్ స్టోర్ రీజియన్ ఒకటే ఉండాలి. దుబాయ్ నుంచి బావ తెచ్చిన డిస్క్ అనీ, అమెరికా నుంచి అక్క పంపింది అనీ చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

#17 హోసూరుపక్కోడు | 8:02

పక్క వీధి సంగతి కూడా చెప్తాను. మైక్రోసాఫ్ట్ వాళ్ల మిషన్ ఎక్స్‌బాక్స్‌లో గేమ్స్ విత్ గోల్డ్ అని 2013లో మొదలుపెట్టి 2023 సెప్టెంబరు 1న ఆపేశారు. దాంట్లో చిన్న తిరకాసు ఉండేది. ఎక్స్‌బాక్స్ 360 గేమ్స్ తీసుకుంటే మెంబర్‌షిప్ పోయినా నీవే. ఎక్స్‌బాక్స్ వన్ గేమ్స్ అయితే కడితేనే. ఒకే స్కీములో రెండు న్యాయాలు. నా 360 గేమ్స్ ఇప్పటికీ ఉన్నాయి, ఈ మధ్యే ఒకటి దింపుకుని ఆడాను.

కంప్యూటర్ మీద అయితే ఎపిక్ స్టోర్ 2018 డిసెంబరు నుంచి ఊరికే గేమ్స్ ఇస్తోంది. 2020 మేలో జీటీఏ 5 ఇచ్చిన రోజు వాళ్ల సర్వర్లే కూలబడ్డాయి. అవి తీసుకున్నవాడివే, మెంబర్‌షిప్ అనే మాటే లేదు. "ఫ్రీ" అనే మాట అక్కడ వాడొచ్చు.

#18 ఇంజనీరింగ్_ఫస్టియర్ | 8:40

అన్నలూ చిన్న డౌట్. నా దగ్గర ప్లస్ ఎప్పుడూ లేదు. ఫోర్ట్‌నైట్ మా ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్లో ఆడుతున్నా. ఇది తప్పా? ఎవరైనా పట్టుకుంటారా?

#19 సిల్క్‌బోర్డ్_సిగ్నల్ | 8:44

పోలీసులు బయల్దేరారు నాయనా.

#20 హోసూరుపక్కోడు | 8:51

వాణ్ణి భయపెట్టకు. తమ్ముడూ, ఫోర్ట్‌నైట్, అపెక్స్ లాంటి ఉచిత గేమ్స్‌కి ప్లేస్టేషన్‌లో ఆన్‌లైన్ ఆడటానికి ప్లస్ అక్కర్లేదు. హాయిగా ఆడుకో. అన్నట్టు, రాకెట్ లీగ్ 2015 జూలైలో, ఫాల్ గైస్ 2020 ఆగస్టులో ప్లస్ నెలవారీ గేమ్స్‌గా వచ్చాయి. తర్వాత రాకెట్ లీగ్ 2020లో, ఫాల్ గైస్ 2022లో అందరికీ ఉచితం అయిపోయాయి. ఒకప్పుడు వాటి కోసం మెంబర్‌షిప్ తీసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఎవరితో చెప్పుకోను!

#21 ఓటీపీ_వచ్చిందా | 9:26

నేను పేమెంట్స్ పనిలో ఉంటాను, కార్డు సంగతి నేను చెప్పాలి. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన మారింది. ప్రతి నెలా, ప్రతి ఏడాదీ దానంతటదే కట్ అయ్యే వాటికి మొదట్లో మనం ఓటీపీతో అనుమతి ఇవ్వాలి, కట్ అయ్యే 24 గంటల ముందు బ్యాంకు మనకి చెప్పాలి. ఒక పరిమితి దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. ఆ పరిమితి మొదట 5,000, 2022 జూన్‌లో 15,000 చేశారు. అప్పట్లో ఎంతమందికి ఎన్ని సబ్‌స్క్రిప్షన్లు ఆగిపోయాయో!

కొత్త కార్డు వస్తే ఆ అనుమతి మళ్లీ ఇవ్వాల్సిందే అనుకుని ఉండండి. నేనైతే కార్డే పెట్టను. వాలెట్ కోడ్ (ప్లేస్టేషన్ ఖాతాలో ముందే డబ్బు వేసుకునే కూపన్) కొని అందులో డబ్బు ఉంచుతా. ఫోన్ క్యాలెండర్లో గడువుకి వారం ముందు ఒకటి, రోజు ముందు ఒకటి గంట మోగుతుంది. ఆపాలనుకున్నవాళ్లకి కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది, వాలెట్ ఖాళీగా ఉంచి కార్డు తీసేస్తే చాలు.

#22 రెండోప్లేయర్ | 9:50

మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి మార్చాం. ఏడాది కట్టం. ఇద్దరికీ సెలవులున్న నెల, అదీ ఏదైనా గేమ్ నిజంగా మొదలుపెట్టాకే, ఒక్క నెల కడతాం. మిగతా నెలల గేమ్స్ పోతాయి, పోనీ. నెల లెక్కన చూస్తే ధర ఎక్కువే, కానీ మేం కట్టేది ఏడాదికి మూడు నెలలే. బాబు నిద్రపోయాక దొరికేది గంట. ఆ గంటలో 260 గేమ్స్ లిస్టు చూస్తూ కూర్చుంటే అయిపోతుంది.

#23 పాతక్యాసెట్ | 10:15

ఇంకో మాట, మర్చిపోయాను. పీఎస్4 గేమ్స్ ఇకమీదట ఈ నెలవారీలో ముఖ్యం కావు, 2026 జనవరి నుంచి దృష్టి పీఎస్5 మీదే అని ముందే ప్రకటించారు. ఇప్పటికే తీసుకున్నవాటికి ఏమీ కాదు. 2019 మార్చిలో పీఎస్3కి, చేతిలో పట్టుకుని ఆడే వీటాకి ఆపినప్పుడూ ఇలాగే జరిగింది. కాబట్టి ఒంగోలు తమ్ముడు పాత మూట మీద బతకాల్సిందే, కొత్తవి అరుదు.

#24 బెళ్లందూరు_బ్యాచిలర్ | బుధవారం రాత్రి 10:05

అప్‌డేట్. నిన్న ఎసెన్షియల్ ఒక్క నెలకే కట్టాను, వాలెట్ కోడ్ కొని. ఆటో రెన్యువల్ ఆపేశాను. కట్టిన రెండు నిమిషాలకి చాలా తాళాలు వాటంతటవే పోయాయి. పర్సోనాకి మాత్రం పోలేదు, గుండె జారింది. అనంతపురం అన్న చెప్పినట్టు రిస్టోర్ లైసెన్సెస్ నొక్కాను. గుండ్రంగా తిరిగి, తిరిగి, పోయింది. గేమ్ తెరిస్తే పండక్కి ముందు ఆపిన చోటే, ఆ కాఫీ షాపు పైగదిలో మావాడు నిలబడి ఉన్నాడు. పాతక్యాసెట్ గారూ, కలెక్షన్ చిట్టా నిజంగానే ఉంది. ఎక్స్‌ట్రా ఉన్న రోజుల్లో దింపుకున్న నాలుగైదు క్యాటలాగ్ గేమ్స్ మాత్రం తాళంతోనే ఉన్నాయి, వాటిని మిషన్‌లోంచి తీసేశాను. 300 జీబీ ఖాళీ అయింది.

ఈ నెలలో పర్సోనా పూర్తిచేస్తాను. లిస్టులోంచి ఇంకో మూడు పేర్లు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ఆ తర్వాత సంగతి తర్వాత. సిల్క్‌బోర్డ్ బ్రో, నవ్వకు.

#25 సిల్క్‌బోర్డ్_సిగ్నల్ | 10:11

నవ్వట్లేదు. నా లిస్టు 190. ఇప్పుడే లెక్కపెట్టాను.

#26 రెండోప్లేయర్ | 10:20

తమ్ముడి పీఎస్4 ఏమైంది?

#27 బెళ్లందూరు_బ్యాచిలర్ | 10:34

దాంట్లో కూడా తాళాలు పోయాయి అక్కా. వాడి సేవ్స్ అన్నీ భద్రంగా ఉన్నాయట, ప్రైమరీ కాబట్టి వేరే ఏమీ చేయాల్సిన పని పడలేదు. కానీ ఆడట్లేదు. నేను డబ్బు కట్టిన సంగతి తెలిసిన గంటకే అమ్మ హెచ్‌డీఎంఐ వైరు పీకి ఎక్కడో దాచింది. వాడు బియ్యం డబ్బా, దేవుడి గూడు, అటక అన్నీ వెతికాడు. ఇప్పుడే మళ్లీ ఫోన్, దానికి రిస్టోర్ ఎక్కడ నొక్కాలని అడుగుతున్నాడు.